బరువు తగ్గడం మధ్యలో ఆగిపోతే: ఆహారంలో చిన్న మార్పులను పరీక్షించి చూసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు సాధారణ ఆరోగ్యం ఉండి, కొన్ని నెలలుగా బరువు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు ఒక అంకె దగ్గర ఆగిపోయిన పెద్దవారి కోసం రాసినవి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ గానీ రక్తంలో చక్కెరను దించే మాత్రలు గానీ వాడుతున్నవారు తమ వైద్యుణ్ణి అడగకుండా ఇందులోని ఏ మార్పునూ మొదలుపెట్టకూడదు. ముఖ్యంగా చక్కెర వ్యాధికి మందులు వాడుతూ అన్నం తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి మందు మోతాదును కూడా వైద్యులే సరిచేయాలి.

బరువు నిజంగా ఆగిపోయిందని ఎప్పుడు అనుకోవాలి?

వారం రోజులు అంకె కదలకపోతే అది ఆగిపోవడం కాదు. కనీసం నాలుగు వారాల పాటు వారపు సగటు బరువులో చెప్పుకోదగ్గ తేడా లేకపోతే, నడుము కొలత కూడా తగ్గకపోతే, అప్పుడు ఆగిపోయిందని అనుకోవచ్చు. మన బరువు ఒక్క రోజులోనే కిలో, కిలోన్నర వరకు అటూ ఇటూ మారుతుంది. ముందు రోజు ఆవకాయ, అప్పడాలు ఎక్కువ తింటే ఆ ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, విరేచనం సాఫీగా కాకపోయినా బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, కొత్తగా బరువులెత్తే వ్యాయామం మొదలుపెడితే కండరాల్లో నీరు చేరుతుంది. కొవ్వు తగ్గుతూనే ఉన్నా ఈ నీటి మాటున అది కొన్ని వారాలు కనిపించకపోవచ్చు.

మొదట్లో వేగంగా తగ్గి, అదే తిండి తింటున్నా తర్వాత ఎందుకు ఆగిపోతుంది?

మొదటి రెండు వారాల్లో తగ్గినదంతా కొవ్వు కాదని ముందుగా గుర్తించాలి. కాలేయంలోనూ కండరాల్లోనూ సుమారు అర కిలో వరకు గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీరు కలిసి ఉంటుంది. అన్నం తగ్గించగానే ఆ నిల్వ కరిగి, నీరు బయటికి పోయి, మెషీన్ మీద కిలోన్నర రెండు కిలోలు ఇట్టే తగ్గినట్టు కనిపిస్తుంది. అన్నం పూర్తిగా మాన్పించే పద్ధతులు తెలుగునాట అంత త్వరగా వ్యాపించడానికి ఈ తొలి వారాల తగ్గుదలే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ వేగమే చివరిదాకా ఉంటుందని ఆశించినవారు తర్వాత నిరాశపడతారు.

అసలు కారణం మరొకటి ఉంది. తేలికైన శరీరానికి తక్కువ శక్తి చాలు. తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజుకు సుమారు 20 నుంచి 30 కిలోక్యాలరీలు (తిండిలోని శక్తికి కొలత, మనం మామూలుగా క్యాలరీ అనేది ఇదే) తక్కువ ఖర్చు చేస్తుందని, ఆకలి మాత్రం అంతకంటే ఎక్కువగా పెరుగుతుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం లెక్కగట్టింది. 84 కిలోల మనిషి రోజుకు 400 కిలోక్యాలరీల లోటుతో, అంటే ఖర్చుకంటే అంత తక్కువ తింటూ మొదలుపెట్టి 76 కిలోలకు చేరాడనుకుందాం. తగ్గిన ఎనిమిది కిలోల వల్ల ఖర్చు 200 దాకా పడిపోయింది, అంటే మొదటి లోటులో సగం తానుగా మాయమైంది. మిగిలిన 200 ఎక్కడికి పోయిందంటే, పెరిగిన ఆకలి వల్ల గరిటెడు అన్నం, పిడికెడు పల్లీలు, పోపులో మరో చెంచా నూనె తెలియకుండానే వెనక్కి వచ్చి ఉంటాయి, రోజులో అటూ ఇటూ తిరిగే కదలికలు కూడా కొంత తగ్గి ఉంటాయి. ఆయన తిండి మారలేదని నిజాయితీగానే నమ్ముతాడు, అయినా లోటు సున్నాకు చేరింది. ఇది మనోబలం లేకపోవడం వల్ల వచ్చింది కాదు కాబట్టి దీనికి సిగ్గుపడవలసిన పని లేదు.

నేను తినేదే చాలా తక్కువ. అయినా ఎందుకు తగ్గడం లేదు?

ఈ మాట అనేవారు అబద్ధం చెప్పడం లేదు, కానీ మనిషి తన తిండిని తాను అంచనా వేసుకోవడంలో చాలా పెద్ద పొరపాటు చేస్తాడు. 1992లో న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని ఎంచుకుని వారి శరీరం ఖర్చు చేసే శక్తిని శాస్త్రీయంగా కొలిచారు. వారి జీవక్రియలో లోపమేమీ కనిపించలేదు. వారు రాసుకున్న తిండి మాత్రం నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువగా తేలింది. రుచి చూడటానికి అరచేతిలో వేసుకున్న కూర, పిల్లవాడు కంచంలో వదిలేసిన రెండు ముద్దలు, ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు, టీతో పాటు రెండు బిస్కెట్లు మన లెక్కలోకి ఎక్కవు. పారేయడం పాపమని నేర్పిన ఇళ్లలో పెరిగిన ఆడవారు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలినదాన్ని తామే తినేసి ఊడ్చిపెట్టడం ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది.

మార్పు మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

రెండు వారాల పాటు ఏమీ మార్చకుండా, తిన్నదంతా తిన్న వెంటనే రాయాలి. ఈ రెండు వారాలు వృథా అనిపిస్తాయి, కానీ తర్వాత వచ్చే ప్రతి ఫలితాన్నీ వీటితోనే పోల్చి చూడాలి. ఐదు గ్రాముల తేడాను కూడా చూపించగల చిన్న వంటింటి కాటా ఒకటి ఉంటే చాలా మేలు. అన్నాన్ని వండాక తూచుతున్నారా, బియ్యంగా తూచుతున్నారా అన్నది ఒక్కటే పద్ధతిగా ఉండాలి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోక్యాలరీలు ఉంటే, వండిన వంద గ్రాముల అన్నంలో 130 మాత్రమే ఉంటాయి, ఈ రెండూ కలగలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. మన వంట దినుసుల విలువల కోసం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికలు నమ్మదగినవి. విదేశీ యాప్‌లలో మన గోంగూర పప్పుకో బెండకాయ వేపుడుకో కనిపించే అంకెలు ఎవరో తోచినట్టు నింపినవి కావచ్చు. వంటకం పేరుతో వెతకడం కంటే అందులో వేసిన పప్పు, నూనె, కూరగాయలను విడివిడిగా రాసుకోవడమే మంచిది.

ఒకేసారి మూడు నాలుగు మార్పులు చేస్తే త్వరగా ఫలితం రాదా?

రావచ్చు. కానీ ఏది పనిచేసిందో తెలియదు, అందువల్ల దేన్ని జీవితాంతం ఉంచుకోవాలో, దేన్ని వదిలేసినా ఫరవాలేదో తెలియదు. చక్కెర మాని, రాత్రి భోజనం తగ్గించి, నడక పెంచి ఒక కిలో తగ్గినవారు, నెల తర్వాత ఈ మూడూ భారమనిపించి మూడూ వదిలేస్తారు. నిజానికి వారికి ఒక్కటే సరిపోయి ఉండవచ్చు. ఒక మార్పు, ఒక కాలవ్యవధి, ఒక తీర్పు అన్న క్రమం నెమ్మదిగా అనిపించినా చివరికి మిగిలేది ఎక్కువ.

మార్పు ఎంత చిన్నదిగా ఉండాలి, ఎన్ని రోజులు చూడాలి?

ఇక్కడ కొంచెం లెక్క అవసరం, దీన్ని దాటవేయవద్దని నా మనవి. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోక్యాలరీలు ఉంటాయి. రోజుకు 200 తగ్గిస్తే మూడు వారాల్లో 4,200 తగ్గుతాయి, అంటే అర కిలో కొవ్వుకు కొంచెం పైన. రోజుకు 50 మాత్రమే తగ్గిస్తే అదే మూడు వారాల్లో 140 గ్రాములు కూడా కరగవు. రోజువారీ నీటి మార్పులే కిలో దాకా ఉన్నప్పుడు 140 గ్రాములను ఏ మెషీనూ పట్టి చూపించలేదు. కాబట్టి పరీక్షకు పెట్టే మార్పు అలవాటుగా చూస్తే చిన్నదే అయినా, లెక్కలో 150 నుంచి 250 కిలోక్యాలరీల మధ్య ఉండాలి, దాన్ని కనీసం మూడు వారాలు పాటించాలి. కాఫీలో అర చెంచా చక్కెర తగ్గించి వారంలో ఫలితం చూడాలనుకునేవారు మంచి మార్పునే చేస్తున్నారు, కానీ దాన్ని కొలవలేనంత చిన్నదిగా పెట్టుకుని, పనిచేయలేదన్న తప్పు తీర్పు ఇచ్చుకుంటున్నారు.

బరువు ఎలా చూసుకోవాలి?

ఉదయం లేచి, కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తాగకముందు, ఒకే రకమైన పలుచని బట్టలతో, గట్టి నేల మీద పెట్టిన ఒకే మెషీన్ మీద చూసుకోవాలి. ఏ రోజు అంకెనూ ఆ రోజే నమ్మకూడదు. ఉదాహరణకు ఒక వారం 76.4, 76.9, 75.8, 76.2, 76.7, 76.0, 76.3 వచ్చాయనుకుందాం, సగటు 76.3. మార్పు మొదలుపెట్టిన మూడో వారం సగటు 75.8 అయితే అది నిజమైన తగ్గుదలే. అయితే ఆ మూడో వారంలోనూ ఒక రోజు 76.2 కనిపించవచ్చు, ఆ ఒక్క అంకెను చూసి అన్నీ వదిలేసినవారు ఎందరో ఉన్నారు. రోజూ అంకె చూస్తే మనసు కలత చెందేవారు వారానికి మూడు రోజులు చూసి సగటు తీసుకోవచ్చు. నడుము కొలతను బొడ్డు దగ్గర, మామూలుగా గాలి వదిలాక, పదిహేను రోజులకు ఒకసారి రాసుకోవాలి.

నెలసరి వచ్చే స్త్రీలు ఇదే పద్ధతి పాటించవచ్చా?

పాటించవచ్చు, కానీ పోలిక మార్చుకోవాలి. నెలసరికి ముందు వారంలో నీరు చేరి కొందరికి కిలో, రెండు కిలోల దాకా పెరిగినట్టు కనిపిస్తుంది. మూడు వారాల పరీక్ష సరిగ్గా ఆ వారంలో ముగిస్తే మంచి మార్పు కూడా విఫలమైనట్టే తోస్తుంది. అందుకని ఈ నెలసరి తర్వాతి వారపు సగటును వచ్చే నెలసరి తర్వాతి వారపు సగటుతోనే పోల్చాలి, అంటే పరీక్ష ఒక పూర్తి నెల సాగాలి.

ముందుగా ఏ మార్పును పరీక్షించాలి?

ఎవరి రెండు వారాల రాతలో ఏది పెద్దదిగా కనిపిస్తే అది. అయినా తెలుగు ఇళ్లలో నేను మొదట చూడమనేది నూనె. ఎందుకంటే ఒక గ్రాము నూనెలో తొమ్మిది కిలోక్యాలరీలు ఉంటాయి, అది కడుపు నింపదు, కంచంలో కంటికి కనిపించదు. మా వంటింట్లో వంకాయ కూర పోపుకు ఎప్పటిలాగే సీసా వంచి వేసిన నూనెను ఒకసారి కాటా మీద పెట్టిన గిన్నెలోకి వంచి చూశాం. అందరం రెండు చెంచాలనుకున్నది 31 గ్రాములుంది, అంటే 280 కిలోక్యాలరీలు. అది ఒక్క కూరకే. చారు పోపు, దోసె పెనం మీద తిప్పిన నూనె, పచ్చడి తాలింపు ఇంకా లెక్కలోకి రాలేదు.

కాటా లేకపోయినా ఒక తేలికైన లెక్క ఉంది. నెలకు ఇంట్లోకి వచ్చే నూనె లీటర్లను 910తో హెచ్చించి, తినేవారి సంఖ్యతో, ముప్పైతో భాగిస్తే మనిషికి రోజుకు ఎన్ని గ్రాములో వస్తుంది. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లయితే మనిషికి దాదాపు 38 గ్రాములు, అంటే 340 కిలోక్యాలరీలు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కిలోక్యాలరీల రోజువారీ కంచానికి సూచించిన నూనె, కొవ్వు 27 గ్రాములు మాత్రమే. ముద్దపప్పులో వేసుకునే నెయ్యి కూడా ఇందులోనే కలుస్తుంది. 38 నుంచి 20కి దించితే రోజుకు 160 కిలోక్యాలరీలు తగ్గుతాయి, కంచంలో ఒక్క మెతుకూ తగ్గదు. సీసాను వంచడం మాని చెంచాతో కొలిచి వేయడం, వేపుడుకు ముందు కూరగాయను కొద్దిగా ఆవిరి మీద ఉడికించడం, వారంలో నాలుగు రోజుల వేపుళ్లను రెండుకు తగ్గించి మిగతా రోజుల్లో పులుసో పప్పుకూరో చేయడం ఇందుకు చాలు.

అన్నం మానేయాలా, తగ్గిస్తే సరిపోతుందా?

తగ్గించి చూడటమే పరీక్షకు అనువైనది. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తినేవారు దాన్ని 150కి తగ్గించి, ఆ ఖాళీని సొరకాయ, బీరకాయ, ఆకుకూరల వంటి తక్కువ నూనెతో వండిన కూరతో నింపితే నికరంగా 130 నుంచి 150 కిలోక్యాలరీలు తగ్గుతాయి, కడుపు నిండిన భావన పోదు. పెద్ద కంచంలో 150 గ్రాములు బిక్కుబిక్కుమంటూ కనిపిస్తాయి కాబట్టి ఒక గిన్నెను కొలతగా పెట్టుకుని, ఆ గిన్నెడే వడ్డించుకోవాలి. వరుస కూడా ముఖ్యమే. మనవారు పప్పు, కూర, చారు, పెరుగు అంటూ ప్రతిదానికీ విడిగా అన్నం కలుపుకుంటారు, ఇక్కడే నాలుగు విడతల అన్నం చేరుతుంది. పెరుగన్నం లేనిదే భోజనం పూర్తికాదనుకునేవారు ఆ వాటాను ముందే పక్కకు తీసిపెట్టుకుని, చారును గ్లాసులో పోసుకుని తాగడం మంచి మార్గం.

పిండిపదార్థాలు మానడం మంచిదా, కొవ్వు మానడం మంచిదా అన్న వాదన గురించి ఒక మాట చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందితో ఏడాది పాటు నడిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో రెండు పద్ధతులవారూ దాదాపు సమానంగానే తగ్గారు. ఎవరు దేన్ని నిలకడగా పాటించగలిగితే వారికి అదే మంచిదని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటాను.

రాత్రి అన్నం మానేసి పలహారమే తింటున్నాం. అయినా తగ్గడం లేదెందుకు?

ఇది మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న. అన్నం మానడమే తగ్గించడమని మన మనసులో ముద్ర పడిపోయింది. 200 గ్రాముల అన్నంలో 260 కిలోక్యాలరీలు ఉంటాయి. దాని బదులు తినే మూడు చపాతీలలో, ఒక్కోదానికి 30 గ్రాముల పిండి, కాల్చేటప్పుడు చెంచా నూనె చొప్పున లెక్కిస్తే 420 అవుతాయి, కుర్మా ఇందులో చేరలేదు. ఉప్మా సంగతీ అంతే. 75 గ్రాముల రవ్వకు 260, పోపు నూనెకు 135 కలిపితే 400కు చేరుతుంది, పక్కన పల్లీ చట్నీ ఉంటే వంద సులభంగా కలుస్తుంది. ఏకాదశినాడో శనివారంనాడో ఉపవాసం పేరుతో తినే సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. ఉపవాసం ఆచారంగా చేసేవారిని నేను తప్పుపట్టడం లేదు, దాన్ని బరువు లెక్కలో మినహాయింపుగా చూడవద్దంటున్నాను. ఈ మార్పును పరీక్షించాలంటే నూనె లేకుండా కాల్చిన రెండు పుల్కాలు, పలుచని పప్పు, ఒక కూర అన్న కొలతతో మూడు వారాలు చూడవచ్చు.

బియ్యం బదులు కొర్రలు, జొన్నలు, సామలు తింటే తగ్గుతుందా?

ధాన్యం మార్చినంత మాత్రాన తగ్గదు. జొన్నల్లోనూ చిరుధాన్యాల్లోనూ తూకానికి తూకం కిలోక్యాలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. వాటిలోని పీచు వల్ల తొందరగా కడుపు నిండి, తక్కువతో సరిపెట్టుకోగలిగితే అప్పుడు లాభం ఉంటుంది. ఒక జొన్నరొట్టెతో ఆగగలిగినవారికి అది మంచి పరీక్షే, కొర్రన్నం మంచిదని కంచం నిండా వడ్డించుకునేవారికి కాదు.

ప్రోటీన్ పెంచితే మేలు జరుగుతుందా?

జరిగే అవకాశం బాగా ఉంది, నూనె తర్వాత నేను రెండో స్థానం ఇచ్చేది దీనికే. ప్రోటీన్ ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది, దాన్ని అరిగించుకోవడానికే అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడుతుంది. సాధారణ అవసరం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కాగా, బరువు తగ్గేవారికి 1.2 వరకు, వ్యాయామం చేసేవారికి ఇంకొంచెం ఎక్కువ సూచిస్తారు. మన సాధారణ శాకాహార భోజనంలో పలుచని సాంబారు, చారు, ఒక గరిటె పప్పు ఉంటే పప్పు నిండుగా తిన్నట్టు అనిపిస్తుంది గానీ, ఒక మనిషి వాటాకు 20 గ్రాముల కందిపప్పు కూడా ఉండకపోవచ్చు, అందులో ప్రోటీన్ నాలుగైదు గ్రాములే.

ఇక్కడ జరిగే పొరపాటు, ఉన్నదాని మీద మరొకటి చేర్చడం. పరీక్ష సరిగ్గా జరగాలంటే చేర్చినదానికి సమానంగా ఏదో ఒకటి తీసేయాలి. ఉదయం నాలుగు ఇడ్లీలు పల్లీ చట్నీతో తినేవారు రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లుగా మార్చుకోవచ్చు. గుడ్డు ఒక్కోదానిలో ఆరు గ్రాముల ప్రోటీన్, 70 కిలోక్యాలరీలకు పైన ఉంటాయి. గుడ్డు తినని ఇళ్లలో 30 గ్రాముల మీల్ మేకర్ దాదాపు 15 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది, ఇంత చవకగా ఇచ్చేది మరొకటి అరుదు. ఉడికించిన శనగలు, గట్టి పెరుగు, పెసరట్టు కూడా మంచివే, పెసరట్టు మీద నూనె చుట్టూ పోయకుండా ఉంటే.

పాలు, టీ, కాఫీల విషయం ఏమిటి?

రెండు చెంచాల చక్కెరతో రోజుకు మూడు కప్పులు తాగితే చక్కెర నుంచే 120 కిలోక్యాలరీలు. ఆరు శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాల నుంచి మూడు శాతం ఉండే టోన్డ్ పాలకు మారితే అర లీటరుకు 130 దాకా తగ్గుతుంది. రెండూ కలిపి ఒకే మార్పుగా పరీక్షించడం ఇక్కడ ఫరవాలేదు, ఎందుకంటే రెండూ ఒకే కప్పులో ఉంటాయి. ఉదయాన్నే నిమ్మరసం, తేనె కలిపిన గోరువెచ్చని నీళ్లు కొవ్వును కరిగించవు. తేనె కూడా చక్కెరే.

వారమంతా నియమంగా ఉంటాను, ఆదివారం ఒక్కరోజు మినహాయింపు ఉండకూడదా?

ఉండవచ్చు, లెక్కలో ఉండాలి. ఐదు రోజులు రోజుకు 300 చొప్పున తగ్గిస్తే 1,500 మిగులుతాయి. శనివారం రాత్రి బయట బిర్యానీ, కూల్‌డ్రింక్, ఆదివారం ఉదయం పూరీ, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం మిర్చి బజ్జీలు కలిసి ఆ 1,500ను పూర్తిగా తిరిగి నింపేయగలవు. వారపు రాతలో శని, ఆదివారాలు ఖాళీగా ఉంటే సమస్య అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. దీన్ని పరీక్షించడానికి మూడు వారాంతాలు ఒక్క పూట మాత్రమే బయటి భోజనం అన్న నియమం పెట్టుకుంటే సరిపోతుంది.

ఎనిమిది గంటల్లోపే తిని మిగతా పదహారు గంటలు ఉపవాసం ఉంటే?

కొందరికి ఇది రాత్రి చిరుతిళ్లను ఆపే తేలికైన కట్టుబాటు, అంతవరకు ఉపయోగమే. అయితే 2022లో చైనాలోని గ్వాంగ్జౌలో 139 మందితో ఏడాది పాటు చేసిన అధ్యయనంలో, కిలోక్యాలరీలు సమానంగా తగ్గించినప్పుడు వేళల నియమం వల్ల అదనంగా చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు.

కొన్నాళ్లు నియమానికి విరామం ఇస్తే శరీరం మళ్లీ స్పందిస్తుందా?

ఆస్ట్రేలియాలో 51 మంది ఊబకాయులైన పురుషులతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వారాలు తగ్గించి తినడం, రెండు వారాలు బరువు నిలిచేంత తినడం మార్చిమార్చి చేసినవారు ఏకబిగిన తగ్గించినవారికంటే ఎక్కువ బరువు కోల్పోయారు. తర్వాత వ్యాయామం చేసేవారిపై జరిగిన మరో అధ్యయనంలో అలాంటి తేడా కనిపించలేదు. కాబట్టి దీన్ని ఖాయమైన మందుగా చెప్పలేను. కానీ ఆరు నెలలుగా తగ్గించి తింటూ విసిగిపోయినవారు రెండు వారాలు కొలత ప్రకారమే, బరువు పెరగనంత తిని, ఆ తర్వాత కొత్త మార్పుతో మొదలుపెట్టడం మనసుకు మంచిది. విరామమంటే కొలత మానేయడం కాదు.

ఇంకా తగ్గించి, రోజుకు 800 కిలోక్యాలరీలే తింటే త్వరగా కదలదా?

వైద్య పర్యవేక్షణ లేకుండా రోజుకు 1,200 కంటే కిందికి వెళ్లకూడదు. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలల పాటు అర్ధాకలితో ఉంచి పరిశీలించినప్పుడు వారికి నీరసం, చిరాకు, కాళ్లవాపు వచ్చాయి, పగలూ రాత్రీ తిండి ఆలోచనే పట్టుకుంది. జుట్టు రాలడం, నెలసరి ఆగిపోవడం, పిత్తాశయంలో రాళ్లు వంటివి అతిగా తగ్గించినవారిలో కనిపిస్తాయి. తిన్నాక అపరాధ భావంతో వాంతి చేసుకోవాలనిపించినా, దొంగచాటుగా అతిగా తింటున్నా ఈ కొలతలన్నీ పక్కనపెట్టి మానసిక వైద్యుణ్ణి కలవాలి.

వంట చేసేది నేను కాదు. అందరికీ ఒకటే వంట ఉన్న ఇంట్లో ఇదెలా కుదురుతుంది?

ఇది నిజమైన ఇబ్బంది. కంచంలో అమ్మ వడ్డించేదాన్ని వద్దనడం మన దగ్గర తేలిక కాదు, నా చేతి వంట నచ్చలేదా అన్న మాట వస్తుంది. అందుకే పరీక్ష పెట్టే ముందు వండేవారితో కూర్చుని రెండు వారాల రాత చూపించడం మంచిది. అత్తయ్యా, మూడు వారాలు నా కూర మాత్రం పోపు వేయకముందే పక్కకు తీయండి అని అడగడం, నూనె తగ్గించండి అని చెప్పడం కంటే సులభంగా ఒప్పుకునే మాట. వడ్డన మన చేతిలోకి తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచి, కంచం నింపుకుని వచ్చి కూర్చుంటే కొసరి కొసరి వడ్డించే అవకాశం తగ్గుతుంది.

నాలుగు మార్పులు పరీక్షించినా ఫలితం లేకపోతే?

వైద్య పరీక్షలు చేయించుకోవాలి. థైరాయిడ్ మందగించడం, పీసీఓఎస్ (స్త్రీలలో అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), నిద్రలో శ్వాస ఆగే సమస్య బరువు తగ్గడాన్ని కష్టం చేస్తాయి. స్టిరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకు వాడే కొన్ని మాత్రలు బరువు పెంచుతాయి, వాటిని సొంతంగా మానకూడదు, మార్చవచ్చేమో వైద్యుణ్ణి అడగాలి. మరో సంగతి, ఇంకా తగ్గవలసిన అవసరం ఉందా అని కూడా చూసుకోవాలి. భారతీయులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు, నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఈ హద్దుల్లోకి వచ్చి, రక్తపోటు, చక్కెర అదుపులో ఉన్నవారికి అక్కడే నిలబడటం ఓటమి కాదు.

పరీక్ష మధ్యలో పండగో పెళ్లో వస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు అరిసెలు, జంతికలు తిన్నారనుకుందాం. ఆ నాలుగు రోజులూ రాతలో పండగ అని గుర్తు పెట్టి, తిరిగొచ్చాక ఉప్పు, నీరు దిగిపోవడానికి మరో వారం వదిలేసి, ఆ పదకొండు రోజులనూ సగటులోంచి తీసేయాలి. పరీక్షను అన్నే రోజులు పొడిగించి, ముందు పెట్టుకున్న అదే మార్పుతో కొనసాగించాలి. తిరిగొచ్చిన మర్నాడు మెషీన్ మీద రెండు కిలోలు ఎక్కువ కనిపిస్తే భయపడి ఆ రోజు నిరాహారంగా ఉండవద్దు. రెండు కిలోల కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 15,000 కిలోక్యాలరీలకు పైగా తినాలి, నాలుగు రోజుల్లో అంత తినడం చాలా కష్టం. ఆ పెరిగినదానిలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, వారం పది రోజుల్లో దానంతటదే దిగుతుంది.